మెక్సికో సిటీ గోడల మీద రొట్టె పంచుతున్న మనవాడు

మెక్సికో సిటీలో కుడ్యచిత్రాలు ఎక్కడ చూడాలని ఎవరినడిగినా ముందు బెయాస్ ఆర్తెస్ ప్యాలెస్ పేరు చెబుతారు. వెళ్ళండి, కాదనను. మెక్సికో కుడ్యచిత్రకారుల్లో పెద్దపేర్లయిన రివేరా, ఒరోస్కో, సికేరోస్ ముగ్గురి బొమ్మలూ ఒకేచోట దొరుకుతాయి. న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సెంటర్లో రివేరా వేసిన బొమ్మలో లెనిన్ ఉన్నాడని గొడవై, 1934లో ఆ గోడనే పగలగొట్టారు. ఆయన పంతం పట్టి అదే ఏడాది ఇక్కడ మళ్ళీ వేశాడు. రకరకాల జాతుల కూలీల చేతులు కలుపుతూ లెనిన్ ఇప్పటికీ ఈ గోడ మీద ఉన్నాడు. చిక్కల్లా జనంతోనే. మేము వెళ్ళింది ఆదివారం, బొమ్మ ముందు రెండు నిమిషాలు నిలబడితే వెనకనుంచి ఎవరో సెల్ఫీ కోసం జరగమంటున్నారు.

ఒక్కచోటికే టైముంటే మాత్రం నా ఓటు అక్కడికి పావుగంట నడక దూరంలో ఉన్న పాత విద్యాశాఖ భవనానికే. 1923 నుంచి 1928 దాకా రివేరా అక్కడి రెండు లోపలి ముంగిళ్ళ చుట్టూ మూడంతస్తుల వరండాల గోడలన్నీ నింపేశాడు. 2024లో దాన్ని మ్యూజియంగా తెరిచారు, టికెట్ లేదు. కింది అంతస్తులో గనిలోకి దిగుతున్న కూలీలు ఒక బొమ్మలో, బయటికొస్తున్నవాళ్ళు ఇంకో బొమ్మలో కనిపిస్తారు. బయటికొచ్చినవాడు రెండు చేతులూ చాచి నిలబడితే, ఏమైనా దాచాడేమోనని మేస్త్రీ తడిమి చూస్తున్నాడు. ఆ చేతులు చాచిన తీరు అచ్చం శిలువ మీది క్రీస్తుదే. పై అంతస్తు బొమ్మలో తుపాకులు పంచే చిత్రకారిణి ఫ్రీదా కాలోని చూడటానికి అందరూ ఎగబడతారు గానీ, నన్నడిగితే ఆ గని కూలీ బొమ్మ ముందు అది దిగదుడుపే.

పై అంతస్తుకి మెట్లెక్కేసరికి ఆయాసం వస్తుంది. ఊరు 2,240 మీటర్ల ఎత్తున ఉందని అప్పుడు గుర్తొస్తుంది. అయినా ఎక్కండి. అక్కడ 'మన రొట్టె' అనే బొమ్మ ఉంది. బల్ల చుట్టూ పిల్లలు, ఆడవాళ్ళు, రకరకాల రంగుల మనుషులు, మధ్యలో ఒకాయన రొట్టె తుంచి పంచుతున్నాడు. ఆయన మన దేశం వాడే, పాండురంగ ఖాంఖోజే అంటారు. మహారాష్ట్రలోని వార్ధా ప్రాంతం వాడు, బ్రిటిష్ పాలన మీద పోరాడటానికి అమెరికాలోని మనవాళ్ళు పెట్టుకున్న గదర్ పార్టీ తొలినాళ్ళ మనిషి. బ్రిటిష్ వాళ్ళ కంటపడకుండా దేశాలు తిరిగి మెక్సికో చేరి, చాపింగో వ్యవసాయ కళాశాలలో పాఠాలు చెబుతూ మొక్కజొన్న వంగడాల మీద పనిచేశాడు. కనిగిరి నుంచి అమెరికాకి వ్యవసాయం చదవడానికి వెళ్ళి అదే పార్టీలో చేరిన మన దర్శి చెంచయ్య నాకు గుర్తొచ్చాడు. ఇద్దరి చదువూ ఒకటే, పార్టీ ఒకటే. 'మన రొట్టె' ఉన్న వరసలోనే 'వాల్‌స్ట్రీట్ విందు' అనే బొమ్మ కూడా ఉంది. అక్కడ బల్ల చుట్టూ కూర్చున్న కోటీశ్వరుల చేతుల్లో రొట్టె బదులు షేర్ల ధరలు అచ్చయిన కాగితం పట్టీ కనిపిస్తుంది. రెండూ ఒకేసారి చూడండి.

దగ్గర్లోనే ఉన్న సాన్ ఇల్దెఫోన్సో పాత కళాశాల భవనంలో ఒరోస్కో వేసిన 'కందకం' ఉంది. అడ్డుకట్ట మీద ముగ్గురు మనుషులు, వెనక ఎర్రటి ఆకాశం. ఎవరి ముఖమూ సరిగా కనపడదు. రివేరా బొమ్మల్లో పండగ ఉంటుంది, విప్లవం గెలిచి తీరుతుందన్న ధీమా ఉంటుంది. కుర్రవయసులోనే ప్రమాదంలో ఎడమచేయి పోగొట్టుకున్న ఒరోస్కోకి ఆ ధీమా లేదు. నాకు ఆయనే ఎక్కువ నచ్చాడు. మా ఆవిడ ఓటు రివేరాకి, ఇంటికొచ్చాక కూడా ఆ వాదన తేలలేదు. నేషనల్ ప్యాలెస్‌లో రివేరా వేసిన బొమ్మలు గొప్పవే గానీ లోపలికి పోవడం కష్టం, కుదరకపోతే టెన్షన్ పడొద్దు. బదులుగా అబెలార్దో రోద్రీగెస్ మార్కెట్‌కి వెళ్ళండి. కూరగాయల కొట్ల పైన 1930లలో వేసిన బొమ్మలున్నాయి. కొన్ని మసిబారాయి, మిరపకాయల ఘాటుకి తుమ్ముతూ చూడాలి.

బస పాత ఊళ్ళోనా, రోమా పేటలోనా అన్నది మీ ఇష్టం. మేము ముందు పాత ఊళ్ళో దిగాం. అన్నీ నడక దూరమే గానీ పొద్దున్నుంచీ అమ్మేవాళ్ళ కేకలు, చేత్తో తిప్పే వాద్యాల రొద. రాత్రి కొట్లు కట్టేశాక వీధి బోసిపోతుంది. హోటల్లో వేడినీళ్ళు ఒకరోజు వస్తే ఒకరోజు రాలేదు, అడిగితే నవ్వి ఊరుకున్నారు. తర్వాత రోమాకి మారాం. అద్దె ఎక్కువే, కానీ చెట్లు, నిద్ర, మంచి కాఫీ ఉన్నాయి. 1919లో మెక్సికో కమ్యూనిస్టు పార్టీ పుట్టుకలో చెయ్యున్న మన బెంగాలీ విప్లవకారుడు ఎం.ఎన్. రాయ్ కూడా ఈ పేటలోనే ఉండేవాడట. మెట్రో టికెట్ ఐదు పెసోలే. ఆఫీసు వేళల్లో మాత్రం ఎక్కకండి. రాత్రిపూట యాప్ క్యాబ్ నయం.

శాకాహారులు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. 'మాంసం లేకుండా' అంటే చికెన్ వేసి తెచ్చేవాళ్ళున్నారు. ఉడికించిన చిక్కుడు గింజల్లో పందికొవ్వు ఉండొచ్చు, దాన్ని 'మాంతెకా' అంటారు, అడిగి తినండి. పెనం మీద కాల్చే నీలిరంగు మొక్కజొన్న రొట్టె త్లాకోయో, పైన నాగజెముడు ముక్కలు, కారం పచ్చడి... మన జొన్నరొట్టె తిన్నట్టే కడుపు నిండింది. ఖరీదైన రెస్టారెంట్లలో తిన్నదేదీ దాని దరిదాపులకి రాలేదు.

ఇంకో పూట మిగిలితే చాపింగో వెళ్ళండి. తాపో బస్టాండు నుంచి దాని పక్క ఊరైన తెష్కోకోకి బస్సులుంటాయి. ఖాంఖోజే పాఠాలు చెప్పిన ఆ ప్రాంగణంలోనే పాత చాపెల్ గోడలు, కప్పు మొత్తం రివేరా బొమ్మలే. అది యూనివర్సిటీ కాబట్టి తెరిచే వేళలు ముందే కనుక్కోండి. తిరుగు ప్రయాణానికి క్యాబ్ కోసం మేము చాలాసేపు పడిగాపులు కాశాం, బస్సే మేలు.