అయా నాపా వెళ్తున్నారా? జెట్ స్కీ కోసం పాస్‌పోర్టు మాత్రం ఇవ్వకండి

ఈ తెల్లవారుజామునే ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇంటికి చేరాము. పిల్ల నిద్రపోయింది, నాకు మాత్రం కన్ను మూతపడలేదు. కడుపు మండిపోతోంది. సైప్రస్‌లోని తీరపట్టణం అయా నాపా వెళ్లే ఆలోచన ఉన్న మన తెలుగువాళ్లు దయచేసి ఇది చదవండి.

అక్కడి నిస్సీ బీచ్ గురించి వేరే చెప్పాలా, వెళ్లినవాళ్లందరికీ తెలిసిందే. ఎదురుగా ఉన్న చిన్న దీవికి నీళ్లలో నడుచుకుంటూనే వెళ్లవచ్చు. గ్రీకులో నిస్సీ అంటేనే దీవి. మా అమ్మాయి భయం లేకుండా మొదటిసారి ఈదింది అక్కడే. అంతటితో హోటల్‌కు తిరిగి వెళ్లి ఉంటే ఎంత బాగుండేది!

తీరం వెంట కొంత దూరం నడిచాక జెట్ స్కీలు, అంటే నీళ్ల మీద నడిపే మోటారు బండ్లు, అద్దెకిచ్చే చోటు కనిపించింది. అరగంటకు 70 యూరోలు. అక్కడి మనిషి ఎంతో ఆప్యాయంగా మాట్లాడాడు. పాప పేరు అడిగాడు, ఎప్పుడు తిరుగు ప్రయాణమని అడిగాడు. ఈ రాత్రి తొమ్మిదింటికి లార్నాకా నుంచి విమానమని నేనే చెప్పాను. హామీగా పాస్‌పోర్టు అడిగితే మారుమాట లేకుండా ఇచ్చేశాను. కారు అద్దెకు తీసుకుంటే నాలుగు వైపులా ఫొటోలు తీసేవాణ్ని, ఇక్కడ ఒక్క ఫొటో కూడా తీయలేదు. ఆ బుద్ధి ఏమైపోయిందో!

తిరిగి రాగానే అతను జెట్ స్కీని ఇసుక మీదికి లాగించాడు. అడుగున జానెడు గీత ఒకటి చూపించి, "ఇది నువ్వు చేసిందే, 450 యూరోలు కట్టు" అన్నాడు. నేను ఏ రాయికీ తగల్లేదు. మోకాళ్ల మీద కూర్చుని ఆ గీతను దగ్గరగా చూశాను. దాని లోపల పచ్చటి పాచి పేరుకుని ఉంది. గోటితో గీకితే గోట్లోకి వచ్చింది. అరగంటలో పాచి పడుతుందా అని వేలు చూపించి అడిగాను. అతను నా వేలి వైపు చూడనైనా లేదు. నా పాస్‌పోర్టు చొక్కా జేబులో పెట్టుకుని, మెల్లగా అన్నాడు: "మీ విమానం తొమ్మిదింటికి కదా?"

పాప పేరు అడిగిన గొంతే అది. నా చేతులు వణికాయి. నా భార్య భుజం పట్టుకుని "ఇచ్చేద్దాం, వెళ్లిపోదాం" అంది. కార్డు తీసుకోనన్నాడు. ఏటీఎం దాకా ఎండలో నడిచి వెళ్లి డబ్బు తెచ్చి ఇచ్చాను. రసీదు ఇవ్వలేదు. అత్యవసర నంబరు 112కు ఫోను చేయాలన్న ఆలోచనే రాలేదు, అదే నన్ను ఎక్కువగా కాలుస్తోంది. విమానంలో పాస్‌పోర్టు తిరగేస్తుంటే, ఇది భారత ప్రభుత్వ ఆస్తి అని అందులో అచ్చువేసి ఉంది. దాన్ని తాకట్టు వస్తువులా ఎవరి చేతిలోనో పెట్టాను!

హామీ అడిగితే కొంత నగదు ఇవ్వండి, దానికి రసీదు రాయించుకోండి. పాస్‌పోర్టే కావాలంటే వెనక్కి తిరిగి వచ్చేయండి. ఎక్కేముందు అడుగుభాగంతో సహా వీడియో తీయండి. తిరుగు ప్రయాణం ఎప్పుడో ఎవరికీ చెప్పకండి.

వచ్చేముందు ఆ పాచి పట్టిన గీతను ఫొటో తీశాను. ఈరోజే సైప్రస్ పోలీసులకు ఫిర్యాదు పంపుతున్నాను. అక్కడ మీకూ ఇలాగే జరిగి ఉంటే తేదీతో సహా రాయండి, కలిపి పంపుదాం.