పది నిమిషాల యాప్, పెద్ద స్టోర్, వీధి చివర అంగడి: బెంగళూరులో నెల సరుకులకి ఏది మేలు?

మేం కేఆర్ పురంలో ఉంటాం, నలుగురం, మా ఆయన ఒక్కరి జీతమే. అద్దె, పిల్లల ఫీజులు, చీటీ డబ్బులు పోగా ఇంటి ఖర్చుకి చేతిలో మిగిలేది 14 వేలు, సరుకులు కూరగాయలు పాలు గ్యాస్ కరెంటు అన్నీ అందులోనే. పోయినేడు వరసగా నాలుగు నెలలు 20వ తేదీకే చెయ్యి ఖాళీ అయిపోయేది. రేట్లు పెరిగాయిలే అనుకుంటూ గడిపేశాం, తర్వాత ఇది కాదని చెప్పి ఒక నోటుబుక్కు పెట్టుకుని ఎక్కడ కొంటే ఎంత పడుతోందో మూడు నెలలు ప్రతి రూపాయీ రాశాను. ఆ పుస్తకం ముందు పెట్టుకునే ఇది రాస్తున్నా.

ముందు యాప్ సంగతి. నిజం చెప్పాలంటే యాప్‌లో రేటు మరీ ఎక్కువేం ఉండదు, పప్పు, నూనె లాంటివి ఒక్కోసారి అంగడి కన్నా తక్కువకే వస్తాయి. డబ్బు పోయేది వేరే చోట. కొత్తిమీర, పచ్చిమిరపకాయలు కావాలని ఆర్డర్ పెడితే చిన్న ఆర్డర్ అని ఒక చార్జీ, హ్యాండ్లింగ్ అని ఇంకోటి, వాన పడితే మరోటి, ఇవన్నీ ఎందుకులే అని ఫ్రీ డెలివరీ వచ్చేదాకా బిస్కెట్లు, నూడుల్స్, పిల్లాడు అడిగిన చాక్లెట్ వేసేస్తాం. మొదటి నెలలో నా పుస్తకంలో 31 ఆర్డర్లు ఉన్నాయి, అంటే రోజుకొకటి, మొత్తం 6,840 రూపాయలు. అందులో నిజంగా ఆ రోజు ఇంట్లో అయిపోయినవి ఏవో, ఊరికే వేసినవి ఏవో ఎర్ర పెన్నుతో గీతలు పెట్టుకుంటూ పోతే ఊరికే వేసినవే 2,100 దాకా తేలాయి. ఆ 2,100 మా ఇంట్లో రెండు నెలల గ్యాస్ కన్నా ఎక్కువ.

పెద్ద స్టోర్‌కి నెలకోసారి పోతే ఎమ్మార్పీ మీద తగ్గింపు ఖాయంగా వస్తుంది. సబ్బులు, సర్ఫు, టూత్‌పేస్ట్, టీపొడి, గోధుమపిండి వీటికి డీమార్ట్ లాంటి చోటే మేలు, నేను రాసిన మూడు నెలల్లోనూ వీటి మీద అంగడి కన్నా 300 నుంచి 400 మిగిలింది. కానీ రెండు విషయాలు చూసుకోవాలి. ఒకటి, ఆటోకి రాను పోను మాకు 160 అవుతుంది, కాబట్టి నెలకి ఒక్కసారే, రెండోసారి పోతే మిగిలింది ఆటోకే సరి. రెండోది, పిల్లల్ని తీసుకుపోకూడదు, చీటీ రాసుకోకుండా అసలే పోకూడదు. నూనె ప్యాకెట్లు కొనేటప్పుడు మాత్రం వెనక్కి తిప్పి గ్రాములు చూడండి. లీటరు నూనె అంటే సుమారు 910 గ్రాములు ఉండాలి, పక్కనే అదే సైజు ప్యాకెట్ 850 గ్రాములది, 800 గ్రాములది ఉంటుంది, ధర పది తక్కువని చెయ్యి దానిమీదికే పోతుంది. గ్రాముకి ఎంతో ఇప్పుడు ప్యాకెట్ మీదే ముద్రిస్తున్నారు, అదొక్కటి చూసుకుంటే మోసపోం.

ఇక మా వీధి చివర అంగడి. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నేను కూడా రెండేళ్ళు దీన్ని తక్కువగానే చూశాను. ఆ అన్న దగ్గర లూజు పప్పు దొరుకుతుంది, పావుకిలో మినప్పప్పు ఇవ్వమన్నా ఇస్తాడు, 20 రూపాయల జీలకర్ర పొట్లం కట్టమన్నా కడతాడు. ప్యాకెట్‌లో అయితే మనకి అక్కర్లేకపోయినా అరకిలో కొనాల్సిందే, పురుగు పట్టి పారేసిన రవ్వ, శనగపిండి లెక్కేస్తే తక్కువ రేటు అన్నది ఎక్కడికో పోతుంది. ఇంకోటి, 2022 జూలై 18 నుంచి లేబుల్ వేసి ప్యాక్ చేసిన బియ్యం, పప్పులు, పిండి 25 కేజీల దాకా 5 శాతం జీఎస్టీలోకి వచ్చాయి, లూజుగా కొంటే ఆ పన్ను లేదు. బియ్యం బస్తాలు ఇప్పుడు 26 కేజీలవి ఎందుకు వస్తున్నాయంటే ఇందుకే.

అన్నిటికన్నా ముఖ్యం ఖాతా. పోయిన దసరా ముందు మా ఆయనకి జీతం 18 రోజులు లేటయ్యింది, అప్పుడు ఆ అన్న ఒక్క మాట అడగకుండా 3,200 సరుకు ఇచ్చాడు, వడ్డీ లేదు ఏం లేదు. యాప్‌లో కూడా ఇప్పుడు కొనుక్కో తర్వాత కట్టు అంటారు, తేదీ దాటితే ఫైన్ ఎంత పడుతుందో కట్టినవాళ్ళకే తెలుసు. అయితే ఖాతాలోనూ ఒక చిక్కుంది, డబ్బు చేతినుంచి పోవట్లేదు కాబట్టి రాయించుకుంటూ పోతాం. నేను ఇప్పుడు 1,500 దాటనివ్వను, చిన్న పుస్తకం నా దగ్గరే ఉంటుంది, ఆయన రాసిన రోజే నేనూ రాస్తా.

కూరగాయల్లో పోటీ వేరు. తోపుడుబండి వాడు గేటు దగ్గరికి తెస్తాడు, కిలో మీద 10, 15 ఎక్కువ. హాప్‌కామ్స్‌లో ఆ రోజు ధర బోర్డు మీద రాసి ఉంటుంది, 1959లో మొదలైన రైతుల సహకార సంఘం అది, బేరం లేదు, తూకం సరిగ్గా ఉంటుంది, కానీ మాకు దగ్గరలో ఉన్నచోట సాయంత్రానికి మంచివి అయిపోతాయి. సిటీ మధ్యలో ఉన్న పెద్ద కూరగాయల మార్కెట్, కేఆర్ మార్కెట్‌లో చవకే, ఎవరూ కాదనరు. కానీ మెట్రోలో రాను పోను ఒక్క మనిషికే వంద దాటుతుంది, 2025 ఫిబ్రవరిలో టికెట్లు పెంచాక ఇంకా గిట్టట్లేదు. బస్సులో పోదామా అంటే శక్తి స్కీమ్ కింద 2023 జూన్ నుంచి ఆడవాళ్ళకి టికెట్ లేదు, కానీ కర్ణాటక అడ్రస్ ఉన్న కార్డు చూపించాలి, నా ఆధార్‌లో ఇంకా మా నంద్యాల అడ్రసే ఉంది. మనవాళ్ళు ఇక్కడ చాలామందిది ఇదే పరిస్థితి. అందుకని మాకు నడిచిపోయే దూరంలో ఉన్న కేఆర్ పురం మార్కెట్టే మేలు, వారానికి ఒకసారి, ఉల్లిగడ్డలు మాత్రం పక్కింటివాళ్ళు మేము కలిసి బస్తా లెక్కన తెచ్చుకుంటాం.

పాలకి పెద్ద తేడా ఏం లేదు, నందిని నీలం ప్యాకెట్ 2025 ఏప్రిల్‌లో లీటరు 42 నుంచి 46 అయ్యింది, ఎక్కడ కొన్నా అదే రేటు, బూత్‌కి నడిచిపోతే తెచ్చిచ్చినందుకు ఇచ్చే నెల చార్జీ మిగులుతుంది. పెరుగు ఇంట్లోనే తోడు పెట్టుకుంటున్నాం.

గ్యాసా, ఇండక్షనా అని మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. కర్ణాటక ప్రభుత్వం ఇచ్చే ఉచిత కరెంటు స్కీమ్ గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఫ్రీ అని అందరూ అనుకుంటారు, అలా కాదు, ఆ మీటర్‌కి ముందున్న సగటు వాడకం మీద 10 శాతం కలిపి ఒక హద్దు పెట్టారు. అంటే మనకన్నా ముందు అద్దెకున్నవాళ్ళు తక్కువ కాల్చి ఉంటే మన హద్దు కూడా తక్కువే. మాది 88 యూనిట్లు. హద్దు దాటితే పైవాటికి కట్టాలి, 200 దాటితే మొత్తం బిల్లు కట్టాలి. 14.2 కేజీల సిలిండర్‌తో అయ్యే వంట ఇండక్షన్ మీద చేస్తే దాదాపు 135, 140 యూనిట్లు పడుతుంది, యూనిట్ టాక్సులతో కలిపి ఆరు రూపాయల పైనే, 2025లో ఇక్కడ సిలిండర్ 855 చిల్లర. లెక్క ఎటు తిప్పినా సమానమే, పైగా హద్దు దాటిపోతాం. కాబట్టి మాకు గ్యాసే మేలు. మీ హద్దు 180 దగ్గర ఉండి, మీరు కాల్చేది 90 అయితే మీకు ఇండక్షనే మేలు, మిగిలిన యూనిట్లన్నీ వంటకే వాడుకోవచ్చు. గీజర్ మాత్రం ఎవరైనా చూసుకోవాలి, 2 కిలోవాట్ల గీజర్ అరగంట తిరిగితే ఒక యూనిట్ అయిపోయినట్టే. మేం నలుగురం ఒకరి తర్వాత ఒకరు వెంటవెంటనే స్నానాలు చేసి ఆపేస్తున్నాం.

అన్నీ కలిపి ఇప్పుడు మేం చేస్తున్నది ఇది: 3వ తేదీన పెద్ద స్టోర్‌లో సబ్బులు సర్ఫు వగైరా, పప్పులు పోపు సామాన్లు అన్న అంగట్లో లూజుగా, కూరగాయలు ఆదివారం మార్కెట్లో, యాప్ మా ఆయన ఫోన్‌లో ఒక్కదాంట్లోనే, అది కూడా జ్వరం గిరం వచ్చినప్పటికి. పోయిన నెల 11,900లో అయ్యింది.

బియ్యం ఒక్కటి తేలాల్సి ఉండింది. ఇక్కడ సోనా మసూరి 26 కేజీల బస్తా మాకు 1,480 పడుతోంది, ఊర్లో మిల్లు దగ్గర అదే రకం 1,260, బస్సు లగేజీకి 120 ఇచ్చినా వంద మిగులుతుంది, బియ్యం పాతవి కూడా. నిన్న అమ్మకి ఫోన్ చేసి రెండు బస్తాలు తీసి పెట్టమన్నా, ఒకటి మాకు, ఒకటి మా తోడికోడలు వాళ్ళకి. వచ్చే శనివారం చిన్నాన్న కారులో వస్తున్నాడు, ఈసారికి లగేజీ ఖర్చు కూడా లేదు.