దోర్దోన్య్ పల్లెల్లో బస: జీత్ తీసుకోండి, కానీ దుప్పట్లు మర్చిపోకండి

మొన్న ఆగస్టులో అత్తయ్యగారు రాజమండ్రి నుంచి వస్తే, నెదర్లాండ్స్‌లో మేముండే ఐండ్‌హోవెన్ నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు కారేసుకుని ఫ్రాన్స్ నైరుతి వైపు దోర్దోన్య్ వెళ్ళాం. లాస్కో గుహలో ఆదిమానవులు గీసిన బొమ్మలు చూడాలని మా ఆయన పట్టు (అసలు గుహ 1963లోనే మూసేశారు, ఇప్పుడు చూపించేది దగ్గర్లో కట్టిన నకలు, అయినా నోరు తెరుచుకుని చూశాం). సరే, గుహ సంగతి ఇంకోసారి, ఇది బస గురించి.

అక్కడ పల్లెల్లో ముఖ్యంగా రెండు రకాలు. షాంబ్ర్ దోత్ అంటే ఇంటివాళ్ళు తామున్న ఇంట్లోనే గది ఇస్తారు, చట్టం ప్రకారం 5 గదులు, 15 మంది దాటకూడదు, పొద్దున్న టిఫిన్ అద్దెలో కలిసే ఉంటుంది. జీత్ అంటే ఇల్లు మొత్తం మనదే, వంట మనదే. జీతం అని గుర్తుపెట్టుకోండి, పోయేది అందులోంచే కదా.

దారిలో ఒక రాత్రి షాంబ్ర్ దోత్‌లో దిగాం. గది శుభ్రంగా, ముచ్చటగా ఉంది. రాత్రి భోజనం కావాలంటే ముందే చెప్పాలి, ఇంటివాళ్ళతో అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి, వాళ్ళు వండిందే తినాలి. శాకాహారం అని మెయిల్‌లో రాశాను, పాపం ఆవిడ ప్రేమగా ఆమ్లెట్ వేసి తెచ్చింది. అత్తయ్యగారు గుడ్డు ముట్టరు. టమాటా ముక్కలు, బ్రెడ్డు, అక్రోటు పప్పులతో ఆ పూట గడిచింది. "అమ్మాయ్, రేపట్నుంచి పొయ్యి ఉన్న చోటే కదా?" అని నాలుగుసార్లు అడిగారు.

పొయ్యి ఉన్న చోటు సార్లా అనే ఊరి దగ్గర జీత్, రాతి గోడల పాత రైతు ఇల్లు. జీత్ ద ఫ్రాన్స్ అనే సమాఖ్య 1955 నుంచి ఇలాంటి ఇళ్ళకి ముద్ర వేస్తోంది, నక్షత్రాలకి బదులు 1 నుంచి 5 గోధుమ కంకులు ఇస్తారు. మాది 3 కంకులది, ఇంట్లో ఏ లోటూ లేదు. కానీ కంకులు చెప్పేది ఇంటి సౌకర్యాల సంగతి, ఉప్పు కొనుక్కోవడానికి ఎన్ని కిలోమీటర్లు పోవాలో మీరే మ్యాప్‌లో చూసుకోవాలి. మాకు 9.

అసలు తలనొప్పి శనివారం. జూలై, ఆగస్టుల్లో చాలా జీత్‌లు శనివారం నుంచి శనివారానికే ఇస్తారు, దాంతో దేశం మొత్తం ఆ రోజే రోడ్డెక్కుతుంది, మరీ ఘోరమైన శనివారాలకి అక్కడి ట్రాఫిక్ సమాచార విభాగం నల్ల రంగు వేసి మరీ హెచ్చరిస్తుంది. మేం చూడలేదు. సాయంత్రం 4కి చేరాల్సినవాళ్ళం రాత్రి 9కి చేరాం. కొట్లు మూసేశారు, మర్నాడు ఆదివారం, పొద్దున్న బేకరీ తప్ప ఏదీ లేదు. డిక్కీలో 5 కిలోల సోనా మసూరి, కందిపొడి, ఆవకాయ లేకపోతే ఏమయ్యేవాళ్ళమో.

పైగా దుప్పట్లు అద్దెలో కలపరని ప్రకటనలో కింద ఎక్కడో చిన్నక్షరాల్లో ఉంది. మంచానికి 10 యూరోలు. ఊడ్చి తుడిచి ఇవ్వకపోతే 60. మనిషికి రోజుకింత అని పర్యాటక పన్ను వేరే. ఇంకోటి, అడ్వాన్సు కట్టేటప్పుడు కాగితం మీద "ఆర్" (arrhes) అని ఉందా, "అకోంత్" (acompte) అని ఉందా చూడండి. మొదటిదైతే మనం మానుకుంటే అడ్వాన్సు పోతుంది, వాళ్ళు మానుకుంటే రెట్టింపు ఇవ్వాలి. రెండోదైతే ఇద్దరూ కట్టుబడినట్టే, మానుకున్నా మిగతా డబ్బు అడగొచ్చు.

కుక్కర్ పట్టుకెళ్ళేవాళ్ళు పొయ్యి ఏ రకమో అడగండి. మాది అల్యూమినియం కుక్కర్, అక్కడ ఇండక్షన్. వారమంతా గంజి వార్చిన అన్నమే. బుధవారం సార్లా సంతలో లేత వంకాయలు దొరికాక మాత్రం అత్తయ్యగారు మళ్ళీ మనుషుల్లో పడ్డారు.

వెళ్ళే రోజు ఇంటావిడ జాబితా పట్టుకుని, షామియానా కొట్టువాళ్ళు గిన్నెలు లెక్కపెట్టుకున్నట్టు, గ్లాసులు, ఫోర్కులు, చెంచాలు అన్నీ లెక్కపెట్టింది. ఒక చెంచా తక్కువ. ఆవకాయ సీసాలో దొరికింది. డిపాజిట్ 300 యూరోలు పూర్తిగా వెనక్కిచ్చింది. వచ్చే ఏడాది జూన్‌కి అదే ఇల్లు అడిగాం, అద్దె తక్కువట, శనివారమే రావాలని కూడా లేదట.