కూలింగ్ టవర్‌కు కార్బన్ కిట్: ఫ్యాన్ కరెంటు మిగిలినా బ్లోడౌన్‌లో పోతుంది

ప్లాంటులో వేడెక్కిన నీళ్లను గాలితో చల్లార్చే కూలింగ్ టవర్‌తోనే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌నీ పట్టొచ్చంటూ అమ్మే కిట్ ఇది. అందులో వచ్చేవి డోసింగ్ పంపు, హీట్ ఎక్స్ఛేంజర్, స్ట్రిప్పర్ (నీటిని కాచి గ్యాస్ విడదీసేది), కంప్రెసర్. ఫ్యాన్ ఎలాగూ తిరుగుతోంది, నీళ్లు ఎలాగూ ఫిల్ (నీటిని పలచగా పరిచి గాలికి తగిలించే పలకలు) మీద పడుతున్నాయి కాబట్టి ఆ నీళ్లలోనే పొటాషియం కార్బొనేట్ కలుపుతారు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో అది బైకార్బొనేట్‌గా మారుతుంది. కొంత నీటిని పక్కకు తీసి ఆవిరితో కాస్తే గ్యాస్ బయటికొస్తుంది. ఆలోచన వరకు వంక పెట్టలేం.

లెక్కలోకి దిగితే సంగతి వేరు. గంటకు 1000 ఘనపు మీటర్ల నీరు తిరిగే టవర్ సుమారు 6.5 లక్షల ఘనపు మీటర్ల గాలి లాగుతుంది. ఘనపు మీటరుకు ముప్పాతిక గ్రాము చొప్పున, గంటకు 500 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఫిల్ దాటిపోతుంది. కార్బొనేట్ నెమ్మదస్తురాలు. 10 శాతం చిక్కిందనుకుందాం: 50 కిలోలు.

ఇక బ్లోడౌన్, అంటే లవణాలు పేరుకోకుండా టవర్ నుంచి బయటికి వదిలేసే నీరు. టవర్‌లో నీరు ఐదున్నర డిగ్రీలు చల్లబడితే గంటకు ఆవిరైపోయేది దాదాపు 10 ఘనపు మీటర్లు. సీఓసీ (టవర్ నీటిలో లవణాలు కొత్త నీటికి ఎన్ని రెట్లు చిక్కబడ్డాయనే లెక్క) 5 అయితే బ్లోడౌన్ రెండున్నర. ద్రావణం 1 శాతమే ఉన్నా గంటకు 25 కిలోల కార్బొనేట్ కాలవపాలు! పోనీ ఇంకా పలచన చేద్దామా? 1 శాతం ద్రావణం మొత్తం బైకార్బొనేట్ అయినా లీటరుకు పట్టేది 3 గ్రాములే. ఆ 50 కిలోల కోసం గంటకు కనీసం 16 ఘనపు మీటర్ల నీటిని కాచాలి. చిక్కగా ఉంటే రసాయనం పోతుంది, పలచగా ఉంటే ఆవిరి పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

‘వేస్ట్ హీట్‌తోనే నడుస్తుంది’ అని అమ్మేవాళ్లు చెప్పే మాట నమ్మొద్దు. టవర్‌కి వచ్చే నీటి వేడి 35–40 డిగ్రీలు, స్ట్రిప్పర్‌కి కావాల్సింది 100 పైన. ఊరికే గాలిలోకి వదిలేస్తున్న లో ప్రెజర్ స్టీమ్ ఉన్న ప్లాంటుకే ఇది పనికొస్తుంది.

కార్బొనేట్ వల్ల నీటి పీహెచ్ 9 దాటాక, మేకప్ నీటిలోని (పోయినదానికి బదులుగా పోసే కొత్త నీరు) కాల్షియం స్కేలై ఫిల్‌నీ కండెన్సర్ ట్యూబులనీ పూడుస్తుంది. గాల్వనైజింగ్ తెల్లగా పొడై రాలుతుంది. క్లోరిన్ వేసినా నాచు సరిగా చావదు. కాల్షియం తీసేసే సాఫ్ట్‌నర్ తప్పనిసరి, దాంతో సీఓసీ 10కి తీసుకెళ్తే బ్లోడౌన్ సగానికి పైగా తగ్గుతుంది.

మెయిన్ నీటిని ముట్టుకోకుండా గాలి లోపలికొచ్చే లూవర్ల దగ్గర విడిగా సార్బెంట్ (కార్బన్ డయాక్సైడ్‌ని పట్టే పదార్థం) ప్యానెళ్లు పెట్టే రకమే నయం. అయితే టవర్ ఫ్యాన్ తట్టుకునే స్టాటిక్ ప్రెజర్ (గాలి దారిలోని అడ్డు) మామూలుగా 100–150 పాస్కల్స్. ప్యానెల్ ఇంకో 40 తింటే గాలి తగ్గి, చల్లనీళ్ల టెంపరేచర్ పెరుగుతుంది. ఆ గాలి కోసం ఫ్యాన్ బ్లేడ్ యాంగిల్ పెంచే ముందు మోటార్ ఆంప్స్ చూడాలి.

కొటేషన్‌లో టన్ను కార్బన్ డయాక్సైడ్ రేటు కంప్రెసర్ తర్వాతి ఫ్లోమీటర్ రీడింగ్ మీద రాయించుకోండి, ఫిల్‌లో పీల్చుకున్న లెక్క మీద కాదు.