జాగ్రత్త: ఒకే గదిలో ఇద్దరు ఆడే గేమ్ కొంటున్నారా? రెండో అకౌంట్ సంగతి ముందే చూసుకోండి

పిల్లల కోసమో, ఇంటికొచ్చే స్నేహితుల కోసమో కంప్యూటర్‌లో ఇద్దరు కలిసి ఆడే గేమ్ కొనాలనుకుంటున్నవాళ్లు డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి. పక్కపక్కన కూర్చుని, ఒకే టీవీ మీద, నెట్‌తో పని లేకుండా ఆడుకోవచ్చనుకుని నేనొక గేమ్ కొన్నాను. రెండో కంట్రోలర్ పట్టుకున్న మనిషికి కూడా సొంతంగా ఆన్‌లైన్ అకౌంట్ ఉంటే తప్ప అది మొదలవదని తర్వాత తెలిసింది. ఆ గేమ్ పేరు, కంపెనీ పేరు రాయడం లేదు. ఇది ఒక్క గేమ్‌తో పోయే సమస్య కాదు. ఏం చూసుకోవాలో తెలిస్తే ఏ గేమ్ కొన్నా మీరు ఇలా ఇరుక్కోరు.

డిసెంబరు చివర్లో సేల్ పెట్టినప్పుడు కొన్నాను. స్టోర్ పేజీలో స్ప్లిట్ స్క్రీన్, లోకల్ కో-ఆప్ అని, అంటే తెరని రెండుగా పంచుకుని ఒకే చోట కూర్చుని కలిసి ఆడొచ్చని, స్పష్టంగా ఉంది. ఫొటోల్లో కూడా తెర రెండు సగాలుగా ఉండి ఇద్దరు ఆడుతున్నట్టు కనిపిస్తోంది. సంక్రాంతికి కోనసీమలో మా ఊరు వెళ్తాం, అక్క పిల్లలు వస్తారు, మూడు రోజులూ వాళ్లతో కూర్చుని ఆడాలని నా ఆశ. హైదరాబాద్‌లోనే డౌన్‌లోడ్ చేసి, ఒకసారి తెరిచి, మొదటి మెనూ వచ్చేదాకా చూసి లాప్‌టాప్ మూసేశాను. రెండో కంట్రోలర్ పెట్టి చూడాలన్న ఆలోచనే రాలేదు.

భోగి రోజు సాయంత్రం హాల్లో టీవీకి కేబుల్ పెట్టాను. పిల్లలిద్దరూ అప్పటికే చెరో కంట్రోలర్ పట్టుకుని చాప మీద కూర్చున్నారు. గేమ్ తెరిస్తే ముందు లాంచర్, అంటే గేమ్‌ని మొదలుపెట్టే కంపెనీ ప్రోగ్రామ్, అప్‌డేట్ అడిగింది. మా ఇంట్లో సిగ్నల్ కిటికీ దగ్గర తప్ప రాదు. ఫోన్ కిటికీ గూట్లో పెట్టి హాట్‌స్పాట్ ఆన్ చేశాను. లాంచర్ అయ్యాక గేమ్ అప్‌డేట్. ఆ రోజు డేటా ప్యాక్ అక్కడితో అయిపోయింది. బావ ఫోన్ తెచ్చి పెట్టాం. అప్పుడు మళ్లీ లాగిన్ అవ్వమంది. పాస్‌వర్డ్ కొడితే మెయిల్‌కి కోడ్ పంపానంది. ఆ మెయిల్ రావడానికి ఇంకాసేపు.

చివరికి మెనూ వచ్చింది. పెద్దాడు కంట్రోలర్ మీద 'A' బటన్ నొక్కాడు, వాడి బొమ్మ తెర మీదికి వచ్చింది. చిన్నది కూడా అదే నొక్కింది. దాని సగంలో బొమ్మ రాలేదు, "ప్లేయర్ 2 సైన్ ఇన్ చేయాలి" అని ఒక పెట్టె వచ్చింది. గెస్ట్‌గా ఆడే వీలుందేమోనని మెనూలన్నీ వెతికాను. లేదు. నా అకౌంటే రెండోసారి వాడదామంటే ఒప్పుకోలేదు. చిన్నదానికి తొమ్మిదేళ్లు. దానికి మెయిలే లేదు. అక్క మెయిల్‌తో కొత్త అకౌంట్ మొదలుపెట్టి అసలు పుట్టిన తేదీ వేస్తే, పిల్లల అకౌంట్ కాబట్టి తల్లిదండ్రుల అనుమతి కావాలని ఇంకో మెయిల్, అందులో ఇంకో లింకు. ఆ లింకు తెరుచుకోలేదు.

చిన్నది కంట్రోలర్‌ని రెండు చేతులతో పట్టుకుని అలాగే కూర్చుంది. "మామయ్యా, నేనెప్పుడొస్తాను లోపలికి?" అని అడిగింది. రెండు మూడుసార్లు అడిగింది. పెద్దాడి బొమ్మ ఒక సగంలో నిలబడి ఉంది, దీని సగం నల్లగా ఉంది. తొమ్మిదిన్నరకి అక్క భోజనాలకి పిలిచేదాకా అదే పరిస్థితి. ఆ పండక్కి ఆ గేమ్ ఒక్క నిమిషం కూడా ఇద్దరు కలిసి ఆడలేదు.

డబ్బు కూడా తిరిగి రాదు. నేను కొన్నది డిసెంబరు చివర్లో, తెలిసింది సంక్రాంతికి. గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్లు స్టీమ్‌లో అయినా ఎపిక్‌లో అయినా మామూలుగా రీఫండ్ అడగాలంటే కొన్న 14 రోజుల్లోపు అడగాలి, ఆడిన సమయం 2 గంటలు దాటకూడదు. ఈ రెండో షరతు విషయంలో మరీ జాగ్రత్తగా ఉండండి. స్టీమ్‌లో లాంచర్ తెరిచి ఉన్న సమయం కూడా ఆడిన సమయంగానే లెక్కలోకి పోవచ్చు. అప్‌డేట్ పెట్టేసి భోజనానికి వెళ్లి వస్తే, ఒక్క ఆట ఆడకుండానే మీ రెండు గంటలూ కరిగిపోతాయి.

ఇలా ఎందుకు జరుగుతుందో తర్వాత కూర్చుని తెలుసుకున్నాను. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ లాంటి కన్సోళ్లలో ఒక్కో కంట్రోలర్ ఒక్కో ప్రొఫైల్‌కి ముడిపడి ఉంటుంది. పీసీలో అలా కాదు, విండోస్‌కి కనిపించేది లాగిన్ అయిన ఒక్క మనిషే. రెండో ఆటగాడు ఎవరన్నది గేమే తేల్చుకోవాలి. మంచి గేములు ఆ రెండో మనిషిని పేరడక్కుండా గెస్ట్‌గా రానిస్తాయి. కొన్ని మాత్రం స్కోర్లు, స్నేహితుల జాబితా, ఇతర కన్సోళ్లవాళ్లతో ఆట, అన్నీ ఒకే అకౌంట్ మీద నడిచేలా కడతాయి. అలాంటివి ఆన్‌లైన్‌లో ఆడేవాళ్ల కోసం పెట్టిన గేటునే చాప మీద కూర్చున్న పిల్లలకీ పెడతాయి. పైగా మనం ఒకసారి లాగిన్ అయ్యాక కంప్యూటర్‌లో ఉండే అనుమతికి గడువుంటుంది. గడువు అయిపోతే మళ్లీ నెట్ కావాలి. హైదరాబాద్‌లో తెరుచుకున్న గేమ్ ఊళ్లో లాగిన్ అడిగింది అందుకే.

ఆన్‌లైన్‌లో మోసాలు ఆపడానికి అకౌంట్ కావాలంటారు. ఒప్పుకుంటాను. కానీ ఒకే ఇంట్లో, ఒకే తెర మీద ఆడే అన్నాచెల్లెళ్లు ఎవరిని మోసం చేస్తారు? ఇక్కడ అకౌంట్ అవసరం ఆటది కాదు, కంపెనీది.

నా వయసువాళ్లకి ఇది ఇంకా బాధగా ఉంటుంది. ఇంజినీరింగ్ హాస్టల్లో కంప్యూటర్లని ఒకదానికొకటి కలపడానికి ఒక స్విచ్ బాక్స్, నాలుగు ల్యాన్ వైర్లు ఉంటే చాలు, కౌంటర్ స్ట్రైక్, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ లాంటి గేములు రాత్రంతా నడిచేవి. అసలు నెట్టే ఉండేది కాదు. 1998లో వచ్చిన స్టార్‌క్రాఫ్ట్‌లో అయితే ఒక్క సీడీతో ఎనిమిది మంది దాకా కలిసి ఆడుకోవడానికి కంపెనీయే వీలు కల్పించింది. అదే కంపెనీ 2010లో స్టార్‌క్రాఫ్ట్ 2 తెచ్చేసరికి ల్యాన్ ఆట మొత్తం తీసేసింది. పక్క కంప్యూటర్‌లో ఉన్నవాడితో ఆడాలన్నా వాళ్ల సర్వర్ గుండానే వెళ్లాలి. 2019లో కొత్తగా చేసిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2కి కూడా మల్టీప్లేయర్ కావాలంటే ఎక్స్‌బాక్స్ అకౌంట్‌తో లాగిన్ అవ్వాల్సిందే. 2021లో ఇట్ టేక్స్ టూ వచ్చింది, పేరులోనే ఇద్దరున్నారు, ఒంటరిగా ఆడటానికే కుదరదు. పీసీలో దానికీ, దాన్ని విడుదల చేసిన ఈఏ అనే కంపెనీ అకౌంట్ అడిగారు. అదే స్టూడియో 2025లో తెచ్చిన స్ప్లిట్ ఫిక్షన్ మాత్రం స్టీమ్‌లో ఈఏ యాప్ లేకుండానే నడుస్తుంది. తలుచుకుంటే తీసేయగలరు.

కొన్నవాళ్లు గట్టిగా అడిగితే కూడా తీస్తారు. 2024 మేలో హెల్‌డైవర్స్ 2కి పీసీలో ప్లేస్టేషన్ అకౌంట్ తప్పనిసరి అని సోనీ ప్రకటించింది. కొన్నవాళ్లంతా తిరగబడ్డారు. కొద్ది రోజుల్లోనే ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. అది ఆన్‌లైన్ గేమే, మన విషయం వేరు, కానీ మనం నోరు విప్పడం వృథా కాదనడానికి చెప్తున్నాను.

ఇక కొనే ముందు ఏం చేయాలంటే, స్టీమ్ పేజీలో కుడివైపు, స్ప్లిట్ స్క్రీన్ గుర్తులకి దగ్గర్లోనే, వేరే కంపెనీ అకౌంట్ కావాలంటే ఒక చిన్న పెట్టెలో రాసి ఉంటుంది. పెద్ద ఫొటోల మధ్య కళ్లకి ఆనదు. అది కనిపిస్తే ఆగండి. ఆ అకౌంట్ ఒకరికి సరిపోతుందా, ఇద్దరికీ కావాలా అన్నది మాత్రం అక్కడ ఉండదు. దానికోసం కొన్నవాళ్ల రివ్యూల్లో తక్కువ రేటింగ్ ఇచ్చినవే చదవండి. ఇలాంటి కష్టం పడ్డవాళ్లు అక్కడే రాస్తారు.

కొన్న రోజే చేయాల్సిన పరీక్ష ఒకటుంది, ఇదొక్కటి చేసుంటే నా డబ్బు నాకు ఉండేది. ముందు నెట్‌తో ఒకసారి తెరిచి లాగిన్ అవ్వండి. గేమ్, లాంచర్ రెండూ పూర్తిగా మూసేయండి. వైఫై ఆపేయండి. మళ్లీ గేమ్ తెరవండి. రెండు కంట్రోలర్లు పెట్టి, రెండో ఆటగాడి బొమ్మ తెర మీదికి వచ్చి నాలుగు అడుగులు వేసేదాకా చూడండి. మెనూ కనిపించిందని ఆగిపోవద్దు, నేను అక్కడే ఆగిపోయాను. రెండో బొమ్మ రాకపోతే అదే గంటలో రీఫండ్ అడగండి. స్టీమ్‌నే ఆఫ్‌లైన్ మోడ్‌లో పెట్టి చూడటం కూడా మంచిదే, ఊరెళ్లే ముందు రోజు ఇంకోసారి చూసుకోండి.

పిల్లల అకౌంట్ల విషయం విడిగా చెప్పాలి. ఆ రాత్రి బావ అన్నాడు, "దాని తేదీ ఎందుకు, నా పుట్టిన తేదీ వేసెయ్, అయిపోతుంది" అని. అందరం చేసేది అదే. కానీ అలా చేస్తే తొమ్మిదేళ్ల పిల్ల ఆ కంపెనీ లెక్కలో నలభై ఏళ్ల మనిషి అవుతుంది. ముక్కూమొహం తెలియనివాళ్లతో మాటలు, మెసేజ్‌లు, కొనుగోళ్లు, పిల్లలకి మూసి ఉంచే తలుపులన్నీ తెరుచుకుంటాయి. రేపు పాస్‌వర్డ్ పోతే, ఏ తేదీ వేశామో గుర్తులేక అకౌంటూ పోతుంది. 18 ఏళ్లలోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి నిర్ధారించుకోవాలని మన 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమే చెప్తోంది. పక్కన కూర్చుని బటన్లు నొక్కడానికి ఒక పిల్ల పేరు, తేదీ, మెయిల్ ఇవ్వాల్సిన అవసరం నాకైతే కనిపించడం లేదు.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ అమ్మకాల్లో 13 రకాల మాయ పద్ధతులను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో ఒకటి, మనం కొనాలనుకున్న వస్తువు కోసం సంబంధం లేని ఇంకో సర్వీసులో చేరమనడం, లేదా సొంత వివరాలు ఇవ్వమని బలవంతం చేయడం. రెండో ఆటగాడి అకౌంట్ దాని కిందికే వస్తుందని నా అభిప్రాయం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915, తెలుగులోనే మాట్లాడొచ్చు. స్టోర్ పేజీ స్క్రీన్‌షాట్, బిల్లు, ఆ సైన్ ఇన్ పెట్టె ఫొటో దగ్గర పెట్టుకుని చేయండి.

అకౌంట్ గొడవ లేకుండా ఒకే తెర మీద ఇద్దరు ఆడే గేములు ఇప్పటికీ ఉన్నాయి. స్టార్‌డ్యూ వ్యాలీలో 2020 డిసెంబరు అప్‌డేట్ నుంచి స్ప్లిట్ స్క్రీన్ ఉంది, పొలం దున్ని, నీళ్లు పెట్టి, పంట కోసే ఆట, చిన్నపిల్లలకి హాయిగా ఉంటుంది. కప్‌హెడ్ కూడా ఇద్దరు ఆడొచ్చు, కానీ బాగా కష్టం, చిన్నవాళ్లు ఓడిపోయి ఏడుస్తారు. జీఓజీ స్టోర్‌లో కొంటే గేమ్ ఇన్‌స్టాలర్ ఫైలే మన చేతికి వస్తుంది, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ఊరికి తీసుకెళ్లొచ్చు. స్టీమ్‌లో రిమోట్ ప్లే టుగెదర్ అని ఉంది, గేమ్ ఒకరి దగ్గర ఉంటే దూరాన ఉన్నవాళ్లూ ఆడొచ్చు, దానికి మాత్రం మంచి నెట్ కావాలి.

వేసవి సెలవులకి పిల్లలు మా దగ్గరికి వస్తున్నారు. స్టార్‌డ్యూ వ్యాలీ వైఫై ఆపేసి రెండు కంట్రోలర్లతో ఇప్పటికే ఆడి చూశాను, రెండో బొమ్మ వెంటనే వచ్చింది. భోగి నాడు చిన్నదాని కోసం సగంలో వదిలేసిన ఆ అకౌంట్‌ని, అక్క మెయిల్‌తో సహా, పూర్తిగా తీసేయమని కంపెనీకి రాశాను. మీ వినతి అందిందని ఒక మెయిల్ వచ్చింది. తీసేశామన్న మెయిల్ ఇంకా రాలేదు.