కీలు చూసి కోసే నాటుకోడి దుకాణం, నల్లగొండ

నల్లగొండ నుంచి పానగల్ వైపు వెళ్లే దారిలో ఉన్న ఈ చిన్న నాటుకోడి దుకాణానికి ఐదు నక్షత్రాలూ ఇస్తున్నాను. మాంసం రుచి గురించి ఇక్కడికి వచ్చేవాళ్లందరూ చెబుతారు. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే నాకు అంతకంటే విలువైనది, యజమాని కత్తి పట్టే తీరు. చాలా చోట్ల కోడిని మొద్దు మీద పడేసి అడ్డదిడ్డంగా నరికేస్తారు. ఈయన వేలితో కీలు తడిమి, సరిగ్గా అక్కడే కోస్తారు. ఎముక చిట్లదు.

"సార్, మెడ కింది ఎముక విడిగానే కదా?" అని ఇప్పుడు ఆయనే అడుగుతారు. రొమ్ముకు పైన గులేరు కర్ర ఆకారంలో ఉండేది అది. జత్రుకలు (కాలర్ బోన్లు) రెండూ అతుక్కుపోయి ఏర్పడిన ఎముక. పక్షుల పుట్టుక గురించిన వాదం చాలాకాలం దీని దగ్గరే ఆగిపోయింది. డైనోసార్లకు జత్రుకలు లేవు, కాబట్టి పక్షులు వాటి సంతతి కావని 1926లో డెన్మార్క్‌కు చెందిన గెర్హార్డ్ హైల్మాన్ వాదించారు. దశాబ్దాల పాటు ఆ మాటే చెల్లింది. 1964లో అమెరికాలోని మోంటానాలో శిలాజ శాస్త్రవేత్త జాన్ ఆస్ట్రమ్‌కు డైనోనికస్ అనే డైనోసార్ శిలాజం దొరికింది. దాని మణికట్టు, చేతులు పక్షులవాటిని పోలి ఉండటంతో, పక్షులు డైనోసార్ల సంతతేనన్న పాత వాదం మళ్లీ లేచింది. ఆ తర్వాత వెలాసిరాప్టర్, టైరనోసారస్ అనే డైనోసార్లలోనూ ఈ గులేరు ఎముకే బయటపడింది. దాన్ని ముక్కలు కాకుండా చేతికిచ్చే దుకాణం దొరకడం నా పాఠానికి ఎంత మేలో చెప్పలేను.

బ్రాయిలర్ కోడి దీనికి పనికిరాదు. నెలన్నర వయసుకే కోసేస్తారు కాబట్టి ఎముకలు ఇంకా లేతగా ఉంటాయి. ముదురు పెట్టను అడగండి. రెక్క కూడా కోయకుండా తీసుకుని, ఉడికించి, కండ ఒలిచి ఎండబెట్టండి. కలిసిపోయిన మూడు వేళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. వెలాసిరాప్టర్ ముంజేతి ఎముక మీద ఈకలు నాటుకున్న బుడిపెలు ఉన్నాయని 2007లో ప్రకటించారు. రెక్కను చేతిలో పెట్టి ఈ మాట చెప్పినప్పుడు మా పిల్లలు తమ ముంజేతిని తడుముకుని చూసుకున్నారు. పక్షుల రూపంలో అవి ఇంకా ఉన్నాయి కాబట్టి, డైనోసార్లన్నీ 6.6 కోట్ల ఏళ్ల కిందటే అంతరించాయని ఆ తర్వాత వాళ్లెవరూ రాయలేదు.

ధర చుట్టుపక్కల దుకాణాల కంటే కొంచెం ఎక్కువే, కానీ తూకం నిక్కచ్చి. కోడిని మంట మీద కాల్చి, పసుపు రాసి శుభ్రంగా కడిగిస్తారు. జొన్నరొట్టెలోకి పులుసు చిక్కగా వస్తుంది.

ఒక్కటే ఇబ్బంది. ఆదివారం రద్దీలో కోసేది సహాయకుడు, అతనికి ఈ ఓపిక లేదు. కాళ్లు కూడా అడగకపోతే పారేస్తారు. ముందుకు మూడు వేళ్లు, పైన పొలుసులు ఉన్న ఆ కాళ్లు పాఠానికి చాలా అవసరం. మామూలు రోజు పొద్దున్నే వెళ్లి, కోడిని తూకం వేయకముందే చెప్పండి.