రాగి పెన్నీలా, జింక్ పెన్నీలా: ఎర్రర్ కాయిన్స్ కోసం ఏ కుప్ప వెతకడం మేలు?

2025 నవంబరులో ఫిలడెల్ఫియా మింట్‌లో (నాణేల ముద్రణాలయం) చలామణీ పెన్నీల్లో, అంటే ఒక సెంటు నాణేల్లో, చివరిది కొట్టేశాక అమెరికాలో ఉన్న మనవాళ్లు తెగ అడుగుతున్నారు, ఇంట్లో డబ్బా నిండా పెన్నీలున్నాయి, కొన్ని నల్లబడ్డాయి, కొన్నింటికి బొబ్బలొచ్చాయి, వీటిలో ఎర్రర్ కాయిన్, అంటే మింట్‌లోనే పొరపాటుగా తయారైన నాణెం, ఏదైనా ఉంటుందా అని. ముందు డబ్బాని రెండు కుప్పలు చేయండి, 1982కి ముందువి (రాగి) ఇటు, తర్వాతవి (జింక్) అటు. 1982వి మాత్రం కాటా మీద పెట్టి తేల్చుకోవాలి, ఆ ఏడాది మధ్యలోనే లోహం మార్చేశారు కదా: 3.1 గ్రాములు తూగితే రాగి, 2.5 తూగితే జింక్.

నా ఓటు రాగికే. పాత పెన్నీలో 95 శాతం రాగి, గాలి తగిలి గోధుమ రంగుకి తిరుగుతుంది, ఆ పైపొరే కింది లోహాన్ని కాపాడుతుంది. చెమట ఉప్పు, తేమ పట్టిన చోట పచ్చ చిలుము వస్తుంది గానీ అక్షరాలు చాలావరకు నిలబడతాయి. జింక్ పెన్నీకి పైన ఉండేది పల్చటి రాగి పూత, బరువులో 2.5 శాతమే. ఆ పూత మీద చిన్న గీత పడినా తేమ లోపలికి దిగుతుంది, రాగి, జింక్ రెండూ తగులుకుని తడిగా ఉంటే ముందు తినేసుకుపోయేది జింకే. మొదట బుడిపె లేస్తుంది, తర్వాత తెల్ల పొడి, ఆఖరికి నల్ల గుంట.

అసలు తేడా ఇక్కడే ఉంది. మింట్‌లో జరిగిన పొరపాటుకే విలువ, బయటికొచ్చాక జరిగింది డ్యామేజే. జింక్ మీద ఈ రెండూ కలిసిపోతాయి, అక్షరం పక్కన పూత చిట్లినా, బుడగ లేచినా లెన్స్‌లో అచ్చం రెండో గీతలా కనిపించి ఆశ పుట్టిస్తుంది. రాగి మీద ఆ గోల లేదు. 1955 డబుల్డ్ డై తీసుకోండి, డై (నాణెం మీద బొమ్మ, అక్షరాలు కొట్టే దిమ్మ) తయారుచేసేటప్పుడే అచ్చు రెండుసార్లు కాస్త పక్కకి పడింది కాబట్టి లిబర్టీ, ఇన్ గాడ్ వుయ్ ట్రస్ట్, సంవత్సరం అన్నీ మామూలు కంటికే రెండేసి కనిపిస్తాయి. మామూలుగా అసలు డబ్లింగ్‌లో రెండు అక్షరాలూ గుండ్రంగా ఉబ్బి ఉంటాయి, కొసల దగ్గర చీలిక కనిపిస్తుంది. మెట్టులా చదునుగా ఉండి, అసలు అక్షరమే సన్నబడినట్టుంటే అది మెషీన్ డబ్లింగ్, కొట్టేటప్పుడు డై అదిరితే వచ్చేది, దానికి పెద్దగా రేటు రాదు. 1972 డబుల్డ్ డై, సంవత్సరం కింద ఎస్ అక్షరం (శాన్‌ఫ్రాన్సిస్కో మింట్ గుర్తు) ఉన్న 1969 డబుల్డ్ డై కూడా ఈ కుప్పలోనే చూసుకోవాలి.

అలాగని జింక్ కుప్పని వదిలేయమనను. 1995 డబుల్డ్ డై అందులోనే ఉంటుంది, లిబర్టీ అక్షరాలు చూడండి. 1998, 1999, 2000 పెన్నీలకి వెనకవైపు అమెరికా అనే మాటలో ఏ, ఎం మధ్య ఖాళీ స్పష్టంగా ఉంటే పక్కన పెట్టండి. 1992లో లెక్క తిరగబడుతుంది, ఏ, ఎం దాదాపు తగులుతున్నట్టుంటేనే అరుదు. 1983వి ఒకసారి తూచండి, 3.1 గ్రాములు చూపిస్తే మిగిలిపోయిన రాగి బిళ్ల మీద కొట్టిందేమో అని వెంటనే నిపుణులకి చూపించాలి.

1943 స్టీల్ పెన్నీలు మామూలువే, అయస్కాంతానికి అంటుకుంటాయి. రాగి రంగులో ఉండి కూడా అంటుకుంటే పూత వేసిన స్టీలే, పొరపాటున రాగి మీద కొట్టిన 1943 పెన్నీ దొరికిందని ఆశపడకండి.

ఏ కుప్పైనా సరే, రాగి చెంబు తోమినట్టు చింతపండుతో మాత్రం తోమకండి. పులుపు పైపొరని కరిగించేసి నాణేన్ని పచ్చి గులాబీ రంగులో వదిలేస్తుంది, కలెక్టర్లకి అది చూడగానే తెలిసిపోతుంది, మంచి ఎర్రర్‌కి కూడా రేటు పడిపోతుంది. ప్లాస్టిక్ కవర్ల వల్ల పట్టిన జిగురు పచ్చదనానికి మాత్రం ప్యూర్ అసిటోన్ వాడొచ్చు, గాలాడే చోట, మంటకి దూరంగా, కాసేపు నానబెట్టి తీసి ఆరనివ్వండి, గుడ్డతో రుద్దొద్దు.